రుద్దకు, ఒత్తు

నాది పోత ఇనుము ఒళ్లు, కర్ర పిడి. పక్కల గాలి ఆడటానికి కన్నాలు. కడుపులో బొగ్గులు కణకణలాడితే తప్ప నాతో ఏ పనీ కాదు. టాటానగర్ స్టేషన్‌కు పట్టాల ఇవతల, బాగ్‌బేరాలో ఒక తెలుగువాళ్ల ఇంటి ఇస్త్రీ పెట్టెను నేను.

1907లో టాటాల ఉక్కు కంపెనీ పుట్టాక, బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఇటు వచ్చారు. ఈ స్టేషన్‌ను 1919 దాకా కాలిమాటి అనేవారు. మా ఇంటివాళ్లదీ శ్రీకాకుళం వైపే. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం వాళ్లతో పాటే వచ్చింది. ఇక్కడి డిసెంబరు, జనవరి చలికి అది బాగా పనికొచ్చింది కూడా.

చొక్కాలూ పంట్లాములూ ఇప్పుడు కరెంటు ఇస్త్రీ పెట్టె చూసుకుంటోంది. బొంత గుడ్డలకు మాత్రం మామ్మ నన్నే దించుతుంది.

ఉతికిన నూలుగుడ్డకు ముడత ఎందుకు పడుతుందో నాకు బాగా తెలుసు. పత్తి పోగు దాదాపు అంతా సెల్యులోజే. తడి తగిలితే దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, ఆరేటప్పుడు మళ్లీ బిగుస్తాయి. పిండి, మెలిపెట్టి, అలాగే ఆరేస్తే ఆ మెలికలోనే బిగుస్తాయి. అందుకే ఎండిపోయిన గుడ్డ మీద నన్ను ఎంత తిప్పినా మొండి ముడత లొంగదు. ముందు నీళ్లే దాన్ని వదులు చేయాలి. వేడి పని ఆ తర్వాతే.

బాగ్‌బేరాలో నీళ్లు తేలిగ్గా దొరకవు. కంపెనీ పట్టణం హద్దుకు బయట, పంచాయతీల కింద ఉన్న ఊరు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసకట్టడం చూశాను. అందుకే మామ్మ గుడ్డను మళ్లీ తడపదు. అరచేత్తో నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి, కాసేపు పక్కన పెడుతుంది. ఆ కాస్త చెమ్మా పోగు పోగుకీ పాకుతుంది. నా దృష్టిలో సగం ఇస్త్రీ అక్కడే అయిపోతుంది.

మనవరాలు జుగ్సలాయి బజారు నుంచి కొత్త నూలు ముక్కలు తెచ్చి, చదరాలుగా అతికి బొంత కుడతానంది. కొత్త గుడ్డను ముందే ఉతకాలి. కుట్టాక కుదించుకుపోతే కుట్లన్నీ ముడుచుకుంటాయి, ఎరుపు రంగు కారితే పక్క ముక్కకు అంటుతుంది. అంచుల పోగులు ఊడి చిక్కుపడకుండా ఉతికే ముందే నాలుగు మూలలూ కొద్దిగా ఏటవాలుగా కత్తిరించింది. తెలివైన పిల్ల.

నన్ను పట్టుకోగానే మాత్రం బరబరా తోసింది.

“అలాక్కాదే గుంటా! రుద్దకు, ఒత్తు. ఎత్తి పక్కన పెట్టు, మళ్లీ ఒత్తు,” అంది మామ్మ.

“తోస్తే ఏటవుద్ది మామ్మా?”

“సాగుద్ది. నువ్వు కోసిన చదరం చదరంలా ఉండదు.”

నిజమే. పడుగు వెంట నూలు గట్టిగా నిలుస్తుంది, పేక వెంట కొంచెం ఇస్తుంది, ఏటవాలుగా లాగితే రబ్బరులా సాగుతుంది. చెమ్మ, వేడి, నా బరువు మూడూ కలిసి తోస్తే చదరం వంకర తిరుగుతుంది. అలాంటి ముక్కలు ఎంత ఓపికగా అతికినా మూలలు కలవవు. అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్లూ ఇలా ఎత్తి ఒత్తడమే నేర్పుతారు. ఒత్తిన చోట వెంటనే కొయ్య దిమ్మ పెట్టి చల్లారనిస్తారు. ఆ దిమ్మ బదులు మామ్మ చపాతీ పీట పెట్టింది. వేడి మీద కదిపితే ముడత తిరిగొస్తుంది, చల్లారితే సాపు నిలుస్తుంది.

నూలుకు దాదాపు 200 డిగ్రీల వేడి నప్పుతుంది. కరెంటు పెట్టెలో దానికి మూడు చుక్కల గుర్తు ఉంటుంది. నాకు అలాంటి గుర్తులేమీ లేవు, మామ్మ నా అడుగున నీటిచుక్క వేసి చుయ్‌మనే చప్పుడును బట్టి పోల్చుకుంటుంది. పాలియెస్టరు కలిసిన చీరైతే బొగ్గులు తగ్గించాలి, లేకపోతే కరుగుతుంది. ముదురు రంగులను తిరగేసి ఒత్తితే మెరుపు మచ్చలు పడవు. బూడిద రాలకుండా నన్ను ముందు గుమ్మం బయట ఊపి, అడుగును పాత గుడ్డతో తుడిచాకే చదరాల దగ్గరికి తెస్తుంది.

కుట్టు పూర్తయిన బొంతకు మాత్రం నన్ను తాకించదు. పొరల మధ్య గాలి ఉంటేనే వెచ్చదనం, నా బరువుకు ఆ గాలి అణిగిపోతుంది. దాన్ని ఉతికితే పిండకుండా దులిపి, దండెం మీద రెండు వైపులా సరిచేసి ఆరేస్తారు.