34 గుర్రాల దొరగారు

ఇంగ్లండులో ఏ ఊరికి వెళ్లినా ఓ దొరగారు తప్పక తగులుతారు. వయసు అరవైకి కాస్త అటూ ఇటూ. పోస్టాఫీసులోనో, బళ్లోనో, ఏదో కార్ఖానాలోనో పనిచేసి రిటైరై ఉంటారు. ఇంటికి గరాజు ఉంటుంది గానీ, రోజూ తిరిగే కారు వీధిలో వానకు తడుస్తుంటుంది. లోపల మినీ పికప్ దుప్పటి కప్పుకుని పడుకుంటుంది మరి. బండి ఎంతదాకా వచ్చిందని అడిగితే "దాదాపు అయిపోయింది" అంటారు. ఆ 'దాదాపు' వయసెంతో దొరసానిగారికి బాగా తెలుసు, పైకి చెప్పరు.

ఆ పికప్ సంగతి కొంత చెప్పుకోవాలి. అలెక్ ఇసిగోనిస్ గీసిన మినీ కారు 1959 ఆగస్టులో వచ్చింది. దాని వెనక సగం కోసి తొట్టి పెట్టినట్టుండే పికప్ 1961లో వచ్చి, 1983 దాకా తయారైంది. మొత్తం 58,179 బళ్లు. పొడవు సుమారు 3.3 మీటర్లు, అంటే మన టాటా ఏస్ కన్నా పొట్టి. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్నా బరువు 680 కిలోలకు లోపే. 848 సీసీ ఇంజను, 34 గుర్రాల బలం, పది అంగుళాల చక్రాలు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో సొంత కార్ల మీద కొనుగోలు పన్ను ఉండేది, ఇలాంటి సరుకు బళ్ల మీద ఉండేది కాదు. దాంతో మేస్త్రీలు, రైతులు, చిన్న దుకాణాలవాళ్లు దీన్ని ఎగబడి కొన్నారు. చౌక అంటే నిజంగానే చౌక. చలిదేశంలో అమ్మే బండికి హీటరు అదనం. పక్క సీటువాడి కళ్లకు ఎండ అడ్డం పెట్టే రేకు అదనం. సీటు బెల్టులూ అదనమే. తొట్టి తలుపు దించినా నంబరు ప్లేటు కనబడేలా దానికి మాత్రం ముచ్చటగా మడతబందు పెట్టారు. లోపల మనిషి ఏమైనా సరే, నంబరు పోలీసులకు కనబడాలి కదా!

ఇక సీటు. సన్నటి గొట్టాల చట్రం, దాని మీద పల్చటి మెత్త, వీపు సగానికే ఆగిపోయే ఆనిక. తలకు దన్ను అసలే లేదు. సీటు మరీ సుఖంగా ఉంటే డ్రైవరు మగతలో పడతాడని ఇసిగోనిస్ నమ్మేవాడంటారు. ఆ నమ్మకానికి పికప్‌లో ఇంకో మెరుగు ఉంది: సీటు వెనకే క్యాబిన్ గోడ, గోడలో అద్దం. ఎవరైనా వెనక నుంచి గుద్దితే తల వెళ్లి ఆగేది ఆ అద్దం దగ్గరే. కాబట్టి ఎత్తయిన వీపున్న మంచి సీటు కావాలని దొరగారు అనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆయన మంచి సీటు దగ్గర ఆగకపోవడంలో ఉంది. ఆయనకు స్పోర్ట్స్ సీటు కావాలి, రేసు బెల్టు కావాలి.

ఎందుకు స్వామీ అంటే మాంటేకార్లో ర్యాలీ చెబుతారు. 1964లో ప్యాడీ హాప్‌కర్క్ 37వ నంబరు మినీతో మంచులో గెలిచాడు. 1965లో టిమో మాకినెన్ గెలిచాడు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయితే, హెడ్‌లైట్ల వంకతో గెలుపు లాగేసుకున్నారు. ఆ అన్యాయం నిన్న జరిగినట్టే దొరగారి గొంతు ఇప్పటికీ వణుకుతుంది. 1967లో రౌనో ఆల్టోనెన్ పగ తీర్చాడు. ఇదంతా నిజమే గానీ, ఆ గెలిచినవన్నీ కూపర్ ఎస్ అనే జోరు రకం మినీలు. దొరగారిది ఒకప్పుడు సున్నం బస్తాలు మోసిన పికప్. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టుంది వ్యవహారం. 1959లో 'ది మోటార్' పత్రిక ఇదే ఇంజనున్న మినీ కారును పరీక్షిస్తే, గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి 27 సెకన్లు పట్టింది. దొరగారు బెల్టు పట్టీలన్నీ బిగించుకోవడానికి అంతకు రెండింతలు పడుతుంది.

సీటు వేట ఏళ్ల తరబడి సాగుతుంది. హాంప్‌షైర్‌లోని బ్యూలీలో ఏటా సెప్టెంబరులో పాత విడిభాగాల సంత జరుగుతుంది. దొరగారికి అది తిరణాలే. అక్కడ చేతితో తడిమి చూసి, ధర అడిగి, మూతి ముడిచి, మళ్లీ అక్కడికే వస్తారు. జర్మనీ రెకారో సీటయితే దేశభక్తి అడ్డొస్తుంది, పైగా జేబు అంతకంటే ముందే అడ్డొస్తుంది. చివరికి స్వదేశీ కోబ్రా సీటు ఒకటి భుజాన వేసుకుని ఇంటికి వస్తారు. ఒకటే. రెండోదానికి డబ్బు చాల్లేదు. పేరు విన్న దొరసానిగారు ఇది కాటు వేసేది వీపునా, పర్సునా అని అడిగి లోపలికి వెళ్లిపోతారు.

సీటు కొనడం సుఖం, కూర్చోబెట్టడమే కష్టం. మినీ నేల మీద సీట్ల కింద అడ్డంగా ఓ ఉక్కు దూలం ఉంటుంది. పాత సీటు దాని మీద మడతబందుతో వాలి ఉండేది, తోస్తే ముందుకు పడేది. కొత్త సీటు బోల్టు రంధ్రాలు వేరు, దూలం రంధ్రాలు వేరు. మధ్యలో ఇనప చట్రం ఒకటి చేయించి పెడితే సీటు పైకి లేచి దొరగారి బట్టతల కప్పుకు తగిలింది. చట్రాన్ని కోసి దించితే, సీటు అంచులు తొడల్ని పైకెత్తి స్టీరింగ్ చక్రానికి ఆనించాయి. మినీ స్టీరింగ్ మొదటినుంచీ బస్సు స్టీరింగ్‌లా పడుకుని ఉంటుంది. దాన్ని కిందికి దించే బ్రాకెట్ వేరే దొరుకుతుంది, అదీ కొన్నారు. సీటు వీపును కాస్త వెనక్కి వాల్చుదామంటే క్యాబిన్ గోడ ఒప్పుకోదు. పక్క రెక్కలు తలుపును మూయనివ్వవు. ఇన్నీ సర్దాక అసలు లెక్క తేలింది: సీటు కొలత పాతికేళ్ల రేసు కుర్రాడిది, కూర్చునే నడుము మాత్రం దొరగారిది.

బెల్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం దొరగారి మీద నవ్వు కాస్త ఆపుకోవాలి. ఇక్కడ ఆయన చెప్పేవన్నీ నిఖార్సయిన మాటలు. మామూలు మూడు కొసల బెల్టును వోల్వోలో నిల్స్ బోలిన్ తెచ్చింది కూడా మినీ పుట్టిన 1959లోనే. ఇప్పటి కార్లలో అది మనిషితో పాటు వంగుతుంది, గట్టి కుదుపు వస్తేనే బిగుస్తుంది. రేసు బెల్టు అలా కాదు. రెండు భుజాలకు రెండు పట్టీలు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి అయిదోది. ఆ అయిదోది చూసి జనం నవ్వుతారు గానీ, అది లేకపోతే నడుము పట్టీ పొట్ట మీదికి జారుతుంది, మనిషి దాని కింద నుంచి ముందుకు సాగిపోతాడు. ఎముక మీద పడాల్సిన దెబ్బ పేగుల మీద పడుతుంది. భుజం పట్టీలు వెనక్కి దాదాపు సమతలంగా పోవాలి. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య నియమం ప్రకారం అవి 45 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదు, 10 డిగ్రీల లోపుంటే మేలు. అంతకన్నా నిటారుగా నేలకు కట్టేస్తే, గుద్దుకున్నప్పుడు ఆ పట్టీయే వెన్నుపూసను కిందికి అణగదొక్కుతుంది.

పికప్‌లో సీటు వెనక చోటేది? ఉన్నది రేకు గోడ. రేకుకు బోల్టు బిగిస్తే మొదటి గుద్దుకే ఊడి చేతికొస్తుంది. కాబట్టి భుజాల ఎత్తులో అడ్డంగా ఉక్కు గొట్టం కావాలి. గొట్టం నిలవాలంటే చట్రం కావాలి. చట్రం తలకు దగ్గరగా ఉంటుంది గనుక దానికి మెత్త చుట్టాలి, మెత్త చుట్టినా నమ్మకం లేదు గనుక హెల్మెట్టు పెట్టుకోవాలి. సన్యాసి గోచీ కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి కోసం ఆవును, ఆవు కోసం ఆలిని తెచ్చుకున్న కథ దొరగారికి తెలియదు. తెలిసినా పిల్లి దగ్గర ఆగేవారని నమ్మకం లేదు.

నేలకు వేసే బోల్టుల దగ్గర ఇంకో గుట్టు బయటపడింది. బోల్టు కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక పెట్టాలని నియమం. లాగుడు బలం ఒక్క రంధ్రం మీద పడకుండా చుట్టూ పరుచుకోవడానికి. పలక పెడదామని దొరగారు నేల మీది చాప ఎత్తారు. కింద నేల లేదు, గరాజు గచ్చు కనబడింది. బ్రిటన్ వాన, శీతకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి రేకును ఎప్పుడో తినేశాయి. అక్కడి వార్షిక తనిఖీలో, బెల్టు కొక్కేనికి 30 సెంటీమీటర్ల లోపల తుప్పు ముదిరి ఉంటే బండి తప్పినట్టే. నలభై ఏళ్లు దాటిన బళ్లకు 2018 నుంచి ఆ తనిఖీ తప్పనిసరి కాదు. అయినా దొరగారు పంతానికి తీసుకెళ్తారు. ముందు కొత్త నేల వెల్డింగు, తర్వాత పలకలు, ఆ తర్వాతే బోల్టులు. రేకు మీద సరాసరి బోల్టు కొట్టే తోటి దొరల్ని ఈయన దగ్గరికి రానివ్వరు. ఆ ఒక్క విషయంలో ఆయనది ఛాందసం అనలేం.

అంతా అయ్యాక బెల్టు మీద కుట్టిన చీటీ చదివారు. పోటీలకు ఆ బెల్టు అయిదేళ్లే చెల్లుతుందట. అరవై ఏళ్ల బండికి గడువు లేదు, దానిలో కట్టుకునే పట్టీకి ఉంది! ఇక బీమావాళ్లకు మార్పులన్నీ చెప్పాలి. ఫోనులో అవతలి అమ్మాయి వివరాలు రాసుకుంటూ, బండి ఇంజను కూడా మార్చారా అని అడిగింది. లేదు, అదే 34 గుర్రాలు అన్నారు దొరగారు. కాసేపు అటునుంచి టైపు చప్పుడు వినిపించలేదు.

మొదటి ప్రయాణం మే నెలలో, లండన్ నుంచి బ్రైటన్‌కు సాగే మినీల ఊరేగింపుకు. దొరగారు ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి లాక్కుని, అయిదు పట్టీలూ నడుము దగ్గర గుండ్రటి బిళ్లలో గుచ్చి బిగించుకున్నారు. అప్పుడు తెలిసింది: చోక్ లాగాలంటే చెయ్యి అందదు. పాత మినీలో లైట్ల మీట, వైపరు మీట మధ్యన స్పీడోమీటరు కింద దూరంగా ఉంటాయి. ర్యాలీ కుర్రాళ్లు ఆ మీటలకు గొట్టం తొడిగి పొడవు చేసుకునేవారు, దొరగారి పుస్తకంలో ఆ పేజీ ఇంకా రాలేదు. కూడలిలో ఏ బండి వస్తోందో తొంగిచూద్దామంటే పట్టీ వంగనివ్వదు. పక్కకు జరిపే కిటికీ అద్దం తీద్దామన్నా అంతే.

పక్కనే దొరసానిగారు పాత సీటులో, మామూలు బెల్టుతో కూర్చున్నారు. చోక్ ఆవిడే లాగారు. చినుకు పడితే వైపరు ఆవిడే వేశారు. ఎడమ నుంచి వచ్చే బళ్లను ఆవిడే చూసి చెప్పారు. పెట్రోలు బంకులో దిగి పోయించి, డబ్బు కట్టొచ్చిందీ ఆవిడే. బ్రైటన్ ఇంకా ఇరవై మైళ్లుందనగా బళ్లన్నీ బారులు తీరి ఆగిపోయాయి. నడిచిపోయే పిల్లలు హెల్మెట్టు పెట్టుకున్న దొరగారికి చేతులూపారు. ఆయన గర్వంగా చెయ్యి ఎత్తబోయారు, సగానికే లేచింది. వచ్చే ఏడు రెండో కోబ్రా సీటు, రెండో రేసు బెల్టు కూడా కొని దొరసానిగారికి వేయిస్తానని అక్కడే మాటిచ్చారు. మరి అప్పుడు వైపరు ఎవరు వేస్తారని ఆవిడ అడిగారు.