ఒంటేలు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "గోలీ ఏసుకున్నకాడ్నుంచి ఒంటేలు పచ్చగొస్తంది."

టీక: భద్రాచలం మన్యంలో, చర్ల, దుమ్ముగూడెం పల్లెల్లో వినబడే ఏకవాక్య సూత్రమిది; కర్త అజ్ఞాతుడు, అనుభవజ్ఞులు అనేకులు. ఒంటేలు అనగా మూత్రం. గోలీ అనగా బి-కాంప్లెక్సు, జ్వరం మందుల వెంట తోడు పెళ్లికూతురిలా వచ్చేది. అందులోని రిబోఫ్లేవిన్, అనగా బి2, స్వతహాగానే పసుపు. పెద్దవాళ్లకు రోజుకు రెండు మూడు మిల్లీగ్రాములు చాలు. గోలీలో తరచు 10 ఉంటుంది. నీటిలో కరిగే ఈ పదార్థాన్ని ఒళ్లు పెద్దగా దాచుకోదు. మిగులును మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే బయటికి పంపేస్తాయి. గోలీ మానితే ఒకటి రెండు రోజుల్లో రంగూ మానుతుంది. కారణం గోలీయే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"కాదు, వేడి చేసింది" అని పూర్వపక్షం. మే నెల కొత్తగూడెం ఎండలో నీళ్లు తాగనివాడి ఒంటేలు ముదురుతుంది, నిజమే. కడుపునిండా తాగితే ఆ రంగు తేలిపోతుంది. బి2 పసుపు మాత్రం నీళ్లకు లోటు లేనివాడికీ కనబడుతుంది. "అంతా బయటికే పోతే గోలీ దండగ కదా" అని మరొకరు. పోయింది మిగులే. నోటి మూలలు పగిలినవాడికి లోపల నిలిచిన కొద్దిపాటే మందు. పైగా ఆ రంగు బి2 ఒక్కదానిది. అదే గోలీలోని బి12 ఒంటబట్టిందో లేదో అది చెప్పదు. రంగు చూసి బలమొచ్చిందనుకోవడమూ తొందరే, మందు వృథా అనుకోవడమూ తొందరే.

అసలు గట్టి ఆక్షేపం మూడోది: మలేరియా, సికిల్‌సెల్ ఉన్న మన్యంలో "రంగు మారితే ఏం కాదులే" అనడం ప్రమాదం కాదా? ప్రమాదమే. వైవాక్స్ మలేరియాకు 14 రోజులిచ్చే ప్రైమాక్విన్ కూడా గోలీయే. జీ6పీడీ ఎంజైమ్ లోపమున్నవాడిలో అది ఎర్రకణాలను చితక్కొట్టి ఒంటేలును డికాషన్ రంగుకు తేగలదు. క్షయకిచ్చే రిఫాంపిసిన్ నారింజ రంగు తెస్తుంది. ఆ రంగు వరకైతే హాని లేదు. కామెర్లలో ఒంటేలు ముదరడంతో పాటు కళ్లూ పచ్చబడతాయి. అప్పుడు పసరు మందు వెతుక్కుంటూ తిరగడం కన్నా రక్తపరీక్ష మేలు. కనుక సూత్రకర్త "గోలీ" అని ఊరుకోవడం దోషమే. ఏ గోలీయో తేలనిదే ఈ వాక్యానికి అన్వయం కుదరదు.

తాత్పర్యం: బి-కాంప్లెక్సు వేసుకున్నాక నిమ్మపండు పసుపైతే నిశ్చింతగా ఉండండి. గోధుమ, ఎరుపు, నలుపు వైపు తిరిగినా, కళ్లు పచ్చబడినా తర్వాతి గోలీ మింగకముందే, గోలీల అట్టతో సహా ఆశ కార్యకర్త దగ్గరకో, ఏఎన్ఎం దగ్గరకో, భద్రాచలం ఏరియా ఆసుపత్రికో వెళ్లండి.