సిస్టమ్‌లో అట్లే వచ్చిండాది

ఏఐ వచ్చేసింది కదా, ఇంక డాక్టర్లెందుకు? తిరుపతిలో ఏ స్కానింగ్ బోర్డు చూసినా ఇదే పాట. తలనొప్పని పోతే ఎంఆర్ఐ ఫిల్ముతో పాటు రంగుల కాగితాలు కొసరు. మీ మెదడు ఇంత, అందులో జ్ఞాపకాల భాగం ఇంత, మీ ఈడు వాళ్లలో మీ స్థానం ఇంత. ఎంసెట్ ర్యాంకులతో తనివి తీరలేదు, ఇప్పుడు హిప్పోకాంపస్‌కు కూడా ర్యాంకు.

కార్వేటినగరంలో మా పెద్దమామకు డెబ్బై దాటాయి. తల తిరుగుతోందంటే కొడుకు తీసుకుపోయాడు. కాగితం వచ్చింది: జ్ఞాపకాల భాగానికి 3.27 పర్సెంటైల్. చుక్క తర్వాత ఆ రెండంకెలు చూశారా? వట్టి 3 అయితే అనుమానం, 3.27 అయితే సైన్సు! తోతాపురి లోడును రెండో కాటా మీద కూడా తూయిస్తే గానీ నమ్మని కొడుకు, తండ్రి తలకాయ తూకాన్ని మాత్రం ఒక్కసారికే కళ్లకద్దుకున్నాడు.

మామ ఎవరనుకున్నారు? ఏ తోట హద్దు ఎక్కడ, ఏ చేను ఎవరి తాత ఎవరికి రాసిచ్చాడు, అన్నీ నోటికి చెప్పే మనిషి. వారం తిరక్కుండా బిడ్డలందరూ దిగిపోయారు, 'నాయనకు మతి పోయేలోపల రిజిస్ట్రేషన్ కానిచ్చేద్దా'మని. దస్తావేజు రాయించడానికి సర్వే నంబర్లు కావాల్సి వచ్చాయి. ఎవరికీ గుర్తులేవు. మామే చెప్పాడు.

నేను సెంటరుకు ఫోన్ చేశా.

"సిస్టమ్‌లో అట్లే వచ్చిండాది సార్."

బొమ్మ ఎవరైనా చూశారా?

"సిస్టమే చూస్తాది సార్."

ఎవరితో పోల్చారు?

"డేటాబేస్‌తో సార్."

ఎవరి డేటాబేస్?

"సిస్టమ్‌లోదే సార్."

గట్టిగా పట్టుకుంటే అదే స్కాన్‌ను మళ్లీ నడిపించారు. ఈసారి 19! మధ్యలో వెర్షన్ మారిందట. "కొత్త వెర్షన్‌లో అట్లే వచ్చిండాది సార్." మందూ మాకూ లేకుండా మామ పదహారు మెట్లు ఎక్కేశాడు. ఇంకో రెండు వెర్షన్లు వస్తే గ్రూప్-1కు దరఖాస్తు పెట్టించొచ్చు. ఇది మన దగ్గరి వింతేమీ కాదు. ఫ్రీసర్ఫర్ అనే పేరున్న మెదడు కొలత సాఫ్ట్‌వేర్‌కు ఒకే స్కాన్లను ఇచ్చి, వెర్షన్ మార్చినా, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా కొలతలు మారుతున్నాయని 2012లోనే పరిశోధకులు అచ్చేసి చూపించారు. అందుకే ఒక పనిలో మధ్యలో వెర్షన్ మార్చకూడదంటారు. ఎవరికి చెప్తాం? సిస్టమ్‌కా?

వెటకారం చాలు, ఒళ్లు మండుతోంది. తెలిసిన డాక్టరమ్మ సీడీ తెరిచి చూస్తే కాసేపట్లో తేలిపోయింది. స్కాన్ జరుగుతుండగా మామ దగ్గాడు. తల కదిలింది, బొమ్మ అలుక్కుపోయింది. తల కదిలితే మెదడు ఉన్నదానికన్నా తక్కువగా కొలతకొస్తుందని ఈ పని చేసేవాళ్లకు తెలియనిది కాదు. పైగా పుర్రెను వేరుచేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ కణత పక్కనున్న మెదడు ముక్కను కూడా కోసి పారేసింది. గీత ఎక్కడ పడిందో తెర మీద కనిపిస్తూనే ఉంది. చూసిన మనిషే లేడు. అనుకోని అంకె వస్తే ముందు బొమ్మ చూడాలి, తర్వాత గీత చూడాలి, ఆ తర్వాత ఎవరితో పోల్చారో చూడాలి. వీళ్లు బిల్లు ఒక్కటే చూశారు. డబ్బు తీసుకుని ఒక ముసలాయన్ను ఇంట్లోనే పరాయివాణ్ని చేశారు.

పోలిక సంగతి ఇంకా ఘనం. ప్రపంచమంతా వాడే కొలబద్ద కెనడాలోని మాంట్రియల్‌లో తయారైంది. అది మన తలలకు సరిపోదని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వంద మంది భారతీయుల స్కాన్లతో మన మెదడు అట్లాస్ తయారుచేశారు. వాళ్లు చెప్పింది, కొలబద్ద మార్చండని. వార్తల్లోకెక్కిన శీర్షిక, భారతీయుల మెదడు చిన్నదని! ఆ వంద మందీ 21 నుంచి 30 ఏళ్ల వాళ్లు. అంటే దాంతో పోల్చినా మామకు న్యాయం జరగదు.

యంత్రం అంకెను ఊరికే నమ్మకూడదని బయటివాళ్లు ఎప్పుడో చూపించారు. చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, లెక్క సరిదిద్దకపోతే దాని మెదడు కూడా 'ఆలోచిస్తున్నట్టు' వస్తుందని 2009లో అమెరికన్లు చూపించారు; అందుకు 2012లో వాళ్లకు ఇగ్నోబెల్ వచ్చింది. 2016లో స్వీడన్ వాళ్లు పేరుమోసిన మూడు మెదడు స్కాన్ సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, నూటికి 5 ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని పద్ధతుల్లో 70 దాకా పోయాయి. అందులో ఒకదాంట్లో పదిహేనేళ్లుగా ఒక బగ్ ఉండిపోయింది. వాళ్లు వెతికి, బయటపెట్టి, సరిచేసుకున్నారు. మనవాళ్లు లామినేషన్ చేసి ఇస్తున్నారు.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఆ రంగుల కాగితం వస్తే వెంటనే పొలం కాగితాలు బయటికి తీయకండి. అసలు బొమ్మలున్న సీడీ అడగండి. బొమ్మను కళ్లతో చూసిన డాక్టరు ఎవరో, పోల్చింది ఏ వయసు, ఏ దేశం వాళ్లతోనో రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే కాగితం వాళ్లకే వదిలేసి, కట్టిన డబ్బు వెనక్కి అడగండి.