వన్ బై టూ చాయ్, ముప్పై రెండు పళ్ళు

ఆరోగ్య సలహాలకు ఏ ఊళ్ళోనూ కరువుండదు. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ల మధ్య మాత్రం అవి అడక్కుండానే, చాయ్‌తో పాటు దొరుకుతాయి. ఇందిరా పార్కులో తెల్లారి నాలుగు చుట్లు తిరిగిన పెద్దమనుషులు బయటికొచ్చి కొలెస్ట్రాల్ గురించి చర్చిస్తారు. చర్చకు గొంతు తడవాలి కదా, చేతిలో గ్లాసుంటుంది. గ్లాసు ఒంటరిగా ఉండలేదు కదా, పక్కన ఉస్మానియా బిస్కెట్టుంటుంది. ఇక సలహా చెప్పే నిపుణుల సంగతి చూస్తే, గుండె డాక్టరు ఉప్పు తగ్గించమంటాడు, నూనె తగ్గించమంటాడు, నోట్లోకి మాత్రం తొంగి చూడడు. పళ్ళ డాక్టరు నోట్లోకి తప్ప ఇంకెక్కడికీ చూడడు. మెడ దగ్గర ఎవరో విభజన చట్టం చేసి, పైది నీకు, కిందిది నాకు అని పంచినట్టుంటుంది వ్యవహారం. కానీ రెండు కేసుల్లోనూ ముద్దాయి ఒకడే, వాడు పొద్దున పదకొండింటికీ సాయంత్రం నాలుగింటికీ బండి దగ్గర బహిరంగంగా నిలబడి ఉంటాడని నా వాదన. మనల్ని పాడుచేస్తున్నది భోజనం కాదు. భోజనానికీ భోజనానికీ మధ్య జరిగేది.

ముందు పంటి వాంగ్మూలం. 1940లలో స్టీఫన్ అనే అమెరికన్ పరిశోధకుడు పంటి మీది పాచిలో పులుపు ఎంతుందో కొలిచాడు. తీపి తగలగానే పాచిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చేస్తాయి. నిమిషాల్లో పీహెచ్ 5.5 కంటే కిందికి జారుతుంది. ఆ గీత దాటితే పంటి పైపొరలోంచి ఖనిజాలు కరగడం మొదలు. తర్వాత లాలాజలం వచ్చి, పొలంలో పడ్డ గేదెల్ని తోలినట్టు నెమ్మదిగా పరిస్థితి చక్కదిద్దుతుంది. దానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా ఇంకో గుక్క పడిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అంటే పన్ను గ్రాములు చూడదు, ఎన్నిసార్లో చూస్తుంది. ఒక కప్పు చాయ్‌ని నలభై నిమిషాలు చప్పరించే పెద్దమనిషి నలభై నిమిషాలూ తన పళ్ళను పులుసులో నానబెడుతున్నట్టే. ఇద్దరు మిత్రులు వన్ బై టూ చెప్పి చెరిసగం తాగితే జేబుకు సగం ఖర్చు, పొట్టకు సగం చక్కెర. పంటికి మాత్రం తగ్గింపు లేదు, ఇద్దరి నోళ్ళలోనూ చెరొక పూర్తి దాడి.

ఈ లెక్క వేసి చూడటానికి అశోక్‌నగర్‌ను మించిన చోటు లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి కోచింగ్ సెంటర్ల సందుల దాకా, అక్కణ్ణుంచి హాస్టళ్ళ దాకా సిలబస్‌లో లేని పేపరు ఒకటుంది, దాని పేరు చాయ్. ఇండియన్ పాలిటీకి ఒకటి, తెలంగాణ ఉద్యమ చరిత్రకు ఒకటి, కరెంట్ అఫైర్స్‌కు రెండు, ఏమీ చదవనందుకు బాధతో ఇంకొకటి. ఇక్కడి కుర్రాళ్ళు రాసే తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగ పరీక్ష ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. పేపరు లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ మీద 2024 జూన్ 9న మూడోసారి రాశారు. మొదటిదానికీ మూడోదానికీ మధ్య 602 రోజులు. రోజుకు ఐదు చాయ్‌లు, చాయ్‌కి రెండు చిన్న చెంచాలు, అంటే 8 గ్రాముల చక్కెర అనుకుందాం. 602 రోజులకు 3,010 చాయ్‌లు, 24 కిలోల చక్కెర. పాతిక కిలోల సన్నబియ్యం బస్తాకు ఒక కిలో తక్కువ. చాయ్‌కి అరగంట చొప్పున వేసుకున్నా పళ్ళు పులుపులో గడిపిన కాలం పదిహేను వందల గంటలు, రాత్రీ పగలూ కలిపి రెండు నెలల పైమాట. పరీక్ష రెండుసార్లు రద్దయింది గానీ చాయ్ ఒక్కసారీ రద్దు కాలేదు. ఈ నష్టానికి పరిహారం కోరుతూ పిటిషన్ ఎవరూ వేయలేదు. వేస్తే పళ్ళే వేయాలి.

ఇది కాగితం మీది లెక్కే కదా, మనుషుల మీద రుజువైందా అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే సంస్థలో 1945 తర్వాత కొన్నేళ్ళపాటు ఒక ప్రయోగం చేశారు. అక్కడున్న మానసిక వికలాంగుల్లో కొందరికి భోజనంతో, కొందరికి మధ్య మధ్యలో తీపి పెట్టారు. పంటికి అంటుకునే టాఫీలు మధ్యలో తిన్నవాళ్ళ పళ్ళు ఘోరంగా పుచ్చాయి. భోజనంతో తిన్నవాళ్ళకు అంత నష్టం రాలేదు. కాదనలేని వాళ్ళ నోళ్ళు పాడుచేసి నేర్చుకున్న పాఠం అది, ఆ పని తప్పని ఈనాడు అందరూ ఒప్పుకుంటారు. పాఠం మాత్రం నిలిచింది. స్వీడన్‌లో పిల్లలకు వారమంతా కాకుండా శనివారం ఒక్కరోజే మిఠాయి పెట్టే అలవాటు పాతుకుపోయింది. మనకూ ఒక శనివారం ఉంది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని, రాత్రికి ఒక్కపొద్దని అన్నం మానేసే శనివారం. అన్నం మానేశాక ఫలహారం. ఫలహారంలో ఫలం ఎప్పుడు మాయమైందో చరిత్రకారులు తేల్చాలి. ఇడ్లీతో మొదలై, ఉప్మా మీదుగా, పూరీ దాకా వచ్చిందది. మానేసిన అన్నంలో చుక్క నూనె లేదు, దాని బదులు వచ్చిన పూరీలో నూనె తప్ప చెప్పుకోదగ్గది లేదు. దేవుడు లెక్కలు చూడడనే నమ్మకంతో నడిచే వ్రతమిది. గుండె మాత్రం చూస్తుంది.

గుండె గుమాస్తా తీరు వేరు. అది సార్లు పట్టించుకోదు, సాయంత్రానికి మొత్తం కూడుతుంది. ఆ కూడికకు హద్దులు ఎక్కడో జెనీవాలోనే కాదు, ఇక్కడ తార్నాకలోనే గీశారు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు, చక్కెర 25 గ్రాముల లోపు, నూనెలూ కొవ్వులూ సుమారు 27 గ్రాములు, అంటే ఐదారు చిన్న చెంచాలు. దేశంలోని రోగాల భారంలో 56.4 శాతానికి తిండి సరిగ్గా లేకపోవడమే కారణమని కూడా అందులో అంచనా వేశారు. ఇప్పుడు మన ఐదు చాయ్‌లే 40 గ్రాముల చక్కెర. భోజనం ఇంకా మొదలే కాలేదు, బడ్జెట్ అయిపోయింది. నూనె వాటాను ఇంట్లో తాళింపూ వేపుడూ కలిసి మధ్యాహ్నానికే ముగించేస్తాయి. నాలుగింటికి మిర్చి బజ్జీ వచ్చేసరికి ఖాతా ఓవర్‌డ్రాఫ్టులో ఉంటుంది. పైగా బండి మీది మూకుడులో నూనె ఎప్పటిదో అడగడం మర్యాద కాదు. కాగి కాగి చెడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి జాతీయ నిబంధన ఉంది. ట్రాన్స్ ఫ్యాట్‌ను నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతానికి కట్టడి చేసి 2022 జనవరి నుంచి అమలు చేస్తున్నారు. నిబంధన ఢిల్లీ నుంచి బయల్దేరింది, బజ్జీ మూకుడు దాకా ఎప్పుడొస్తుందో ట్రాఫిక్‌ను బట్టి ఉంటుంది. ఈ పేటలోనే, నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే పెద్ద సంస్థ ఉంది. రోగం రాకముందే ఆపడం దాని పేరులోనే ఉంది. రోగం వచ్చే దారి మాత్రం దాని చుట్టూ నాలుగు వైపులా ఘుమఘుమలాడుతుంటుంది.

ఇక్కడ కొందరు అత్యుత్సాహంతో, చిగుళ్ళ జబ్బే గుండెపోటు తెస్తుందట, పళ్ళు క్లీనింగ్ చేయిస్తే స్టెంటు అక్కర్లేదట అంటారు. నా వాదనకు పనికొచ్చే మాటే అయినా అంత దూరం వెళ్ళడం న్యాయం కాదు. 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సాక్ష్యాలన్నీ పరిశీలించి, చిగుళ్ళ జబ్బుకూ గుండె రక్తనాళాల జబ్బుకూ సంబంధం కనిపిస్తోందనీ, ఒకటి రెండోదానికి కారణమని మాత్రం రుజువు కాలేదనీ తేల్చింది. రెండూ ఒకే ఇంట్లో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని కన్నదని చెప్పలేం, ఇద్దరికీ తండ్రి ఒకడే కావచ్చు. ఆ తండ్రి చాలాసార్లు చాయ్ గ్లాసు పక్కన వేళ్ళ మధ్య వెలుగుతూ ఉంటాడు, సిగరెట్ రూపంలో. అది చిగుళ్ళనూ కొరుకుతుంది, రక్తనాళాలనూ కొరుకుతుంది. షుగరు జబ్బూ అంతే. అయితే గుండె కవాటాలకు ఇదివరకే జబ్బున్నవాళ్ళ విషయం వేరు. పంటి నుంచి రక్తంలోకి జారిన సూక్ష్మజీవులు కవాటం మీద కాపురం పెట్టగలవు, అందుకే పన్ను పీకించుకునే ముందు గుండె సంగతి చెప్పమంటారు. విభజన రేఖ దగ్గర ఉన్న అధికారిక చెక్‌పోస్టు అదొక్కటే.

మా తాతలు నెయ్యి తాగారు, వేపపుల్ల నమిలారు, తొంభై ఏళ్ళు బతికారు అనే వాదన అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే ఎదురు చెప్పడానికి ఆ తాతలు లేరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు ఆయుష్షు 32 ఏళ్ళు. పసిబిడ్డల చావులే దాన్ని అంత కిందికి లాగాయి, నిజమే. కానీ తొంభై ఏళ్ళు బతికినవాళ్ళే తాతలై ఫోటోకెక్కారు, బతకనివాళ్ళు ఎవరికీ తాతలు కాలేదు. ఆ బతికినవాళ్ళు కూడా పొలానికి నడిచారు, తీపిని పండగ రోజు చూశారు, పదకొండింటికి ఉస్మానియా బిస్కెట్టు తినలేదు. వేపపుల్ల మహిమ ఎంతైనా ఉండనివ్వండి, మధ్యలో తినకపోవడం దానికి బాగా సాయం చేసింది. రెండో వాదన బెల్లం చాయ్‌ది. చక్కెర విషం, బెల్లం అమృతం అని బోర్డు పెట్టిన బళ్ళున్నాయి. పంటి మీది సూక్ష్మజీవులు తెలుగు చదవలేవు, వాటికి బెల్లమైనా తేనె అయినా తీపే. మూడోది కొంచెం గట్టిది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమని డాక్టర్లే చెప్పారు కదా అంటారు. మందుల వల్లో, జబ్బు వల్లో కొందరికి అలా చెప్పాల్సి వస్తుంది, వాళ్ళు వాళ్ళ డాక్టరు మాటే వినాలి. మిగతావాళ్ళం ఆ సలహాలో ఎక్కువసార్లు అన్న భాగాన్ని పాటించి, కొద్దికొద్దిగా అన్న భాగాన్ని వచ్చే నెలకు వాయిదా వేశాం.

అసలు చిక్కు తార్నాక పోషకాహార సంస్థవాళ్ళే తెచ్చారు. తీపి ఏదైనా భోజనంతోనే కానిచ్చేయమని పన్ను అంటుంటే, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ వద్దు, వాటిలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు అని వాళ్ళంటారు. ఇద్దరి మాటా కలిపి చదివితే చాయ్‌కి కాలెండరులో ముహూర్తమే లేదు. దీనికి నా తీర్పు ఇది: తీపి చాయ్ రోజుకు రెండు, టైము చూసుకుని, చప్పరించకుండా తాగేసి, నీళ్ళతో ఒకసారి పుక్కిలించడం. మూడోది కావాలంటే చక్కెర లేనిది. ఇరానీ చాయ్‌లో చాలాచోట్ల చక్కెర ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఈ తీర్పు అమలు కష్టమని తెలుసు. కష్టం కాబట్టే మూడోది తగ్గుతుంది, నా ఉద్దేశమూ అదే.

తోమే సంగతి క్లుప్తంగా. మనవాళ్ళు పొద్దున్నే, ఏమీ తినకముందే, ఇత్తడి బిందె తోమినంత కసిగా పళ్ళు తోముతారు. దాంతో చిగురు దగ్గర పన్ను అరిగిపోతుంది. రాత్రి మాత్రం చివరి చాయ్ రుచి నోట్లో ఉంచుకుని పడుకుంటారు. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, అంటే కాపలాదారు సెలవులో ఉన్నప్పుడే దొంగకు తాళాలిచ్చినట్టు. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు శనగగింజంత, రెండు నిమిషాలు, ముఖ్యంగా రాత్రి. పొద్దుటి కసిలో సగం రాత్రికి బదిలీ చేస్తే చాలు.

చివరి అభ్యంతరానికి మాత్రం శాస్త్రంలో జవాబు లేదు. చాయ్ చక్కెర కోసం కాదు, నిలబడటం కోసం అంటారు అశోక్‌నగర్ కుర్రాళ్ళు, న్యాయంగానే అంటారు. హాస్టల్ గదిలో నలుగురికి మూడు మంచాల జాగా, లైబ్రరీలో మాట్లాడకూడదు, పార్కు చీకటి పడితే మూసేస్తారు. ఇక బండి దగ్గర నిలబడే హక్కుకు గ్లాసే రసీదు. త్యాగరాయ గానసభలో కచేరీ ముగిశాక రోడ్డు మీద రాగం గురించి వాదించుకునే పెద్దలకూ, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో వదిలాక ఇంటర్వెల్ ట్విస్టు మీద కొట్టుకునేవాళ్ళకూ అదే రసీదు కావాలి. ఒప్పుకుంటాను. అయితే ఈ పేటలో బళ్ళవాళ్ళు ఉదారులు. మొదటి గ్లాసు తాగాక దాన్ని తిరిగివ్వకుండా చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా ఏమీ అనరు. ఖాళీ గ్లాసుతో కూడా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో గంటసేపు మాట్లాడవచ్చు. గ్లాసులో ఏముందో ఎవరూ తొంగి చూడరు.