కొటేషన్ బావ

జహీరాబాద్ అనగానే కొందరికి ట్రాక్టర్లు గుర్తొస్తాయి, కొందరికి అల్లం, చెరకు. పక్కనే ఉన్న పస్తాపూర్ సంగతి తెలిసినవాళ్లకు కొర్రలు, సామలు గుర్తొస్తాయి. నాకు మాత్రం కొటేషన్ బావ గుర్తొస్తాడు. ఆయన ఒక్క మనిషి కాదు. చుట్టాల్లో ఇద్దరినీ కాలనీలో ముగ్గురినీ కలిపి పోత పోస్తే తేలిన మనిషి. కాబట్టి ఇది చదివి ‘నన్నే అన్నాడు’ అని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. నొచ్చుకునేవాళ్లు ఎలాగూ అంతకుముందు ఇంకో ఇద్దరిని కనుక్కునే నొచ్చుకుంటారు.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు పంపే ఓ చిన్న యూనిట్లో బావది స్టోర్స్ ఉద్యోగం. అక్కడ మూడు కొటేషన్లు లేనిదే గ్రీజు డబ్బా కూడా గేటు దాటి లోపలికి రాదు. మూడు ధరలూ పక్కపక్కన గళ్లలో రాయాలి, తక్కువదాని కింద ఎర్ర సిరాతో గీత కొట్టాలి, పై అధికారి సంతకం తీసుకోవాలి. ఉద్యోగంలో ఇది పద్ధతి. బావ దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడు గానీ ఇంట్లో సంతకం పెట్టే పై అధికారి లేడు. అక్క ఉంది, ఆమె సంతకం పెట్టదు. “నన్ను చూసి పోయినంక గూడ ఇంకో రెండు సంబంధాలు చూసొచ్చిండు, నేను ఫస్ట్ కొటేషన్‌ను” అని పెళ్లయి ఇన్నేళ్లయినా అంటూనే ఉంటుంది.

బావ ఇంట్లో ముడిపడని ఫైళ్లు చాలా ఉన్నాయి. అన్నిట్లోకీ లావుపాటిది హోం థియేటర్ కంప్యూటర్ ఫైలు.

ఆయన కోరిక చాలా చిన్నది. హాల్లో టీవీ కింద చప్పుడు చేయని ఓ నల్ల పెట్టె ఉండాలి. హార్డ్ డిస్కులో దాచిన పాత సినిమాలు, బిడ్డ పుట్టిన రోజు వీడియోలు, ఓటీటీలు, పాటలు అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచి రావాలి. బడ్జెట్ పాతిక వేలు. ఈ పాతిక వేలు 2011లో వేసిన లెక్క. అప్పట్నుంచి బావ జీతం పెరిగింది, బిడ్డ పెరిగింది, బావ నడుము పెరిగింది. పాతిక వేలు మాత్రం పాతిక వేలే.

2011లో ఆయన ఒకే ఒక్క వస్తువు కొన్నాడు. అది క్యాబినెట్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అనేది. కంప్యూటర్ సామానుకు జంటనగరాల్లో పెద్ద బజారు అదే. అక్కడ ఒక షాపువాడు ఎవరూ కొనక మూల పడున్న సన్నపాటి నల్ల క్యాబినెట్‌ను సగం ధరకిస్తానన్నాడు. అడ్డంగా పడుకోబెట్టుకునే రకం, జానెడు ఎత్తు కూడా లేదు, అచ్చం డీవీడీ ప్లేయరులా ఉంది. బావ మురిసిపోయి బస్సులో ఒళ్లో పెట్టుకుని పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ఇంటికి తెచ్చాడు. నాడా దొరికింది, ఇక గుర్రమే తరువాయి అనుకున్నాడు.

గుర్రం ఆ నాడాకు సరిపడేది కావాలి కదా. సన్న క్యాబినెట్లో కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ మామూలుది పట్టదు, సన్నటి రకం కావాలి. ఎత్తు కూలర్ పెడితే మూత పడదు. గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే సగం ఎత్తుదే కొనాలి. బోర్డు కూడా చిన్నదే కావాలి, పైగా బోర్డుల్లో చిన్నదంటే చౌక అని కాదు అర్థం. అవే సౌకర్యాలున్న మినీ ఐటీఎక్స్ బోర్డుకు సాధారణంగా మైక్రో ఏటీఎక్స్ కంటే ఎక్కువే పెట్టాలి. క్యాబినెట్లో ఆదా అయిన డబ్బు మిగతా అన్నింటిలో వడ్డీతో సహా పోతుందని తేలింది. దాన్ని పక్కన పడేసి మామూలు క్యాబినెట్ కొంటే పీడా పోయేది. “పైసలు పెట్టి కొన్నంరా, ఎట్ల పడేస్తం?” అంటాడు.

ఇక హార్డ్ డిస్కు కొందామని బయల్దేరే సమయానికి అక్టోబరులో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చాయి. ప్రపంచంలోని హార్డ్ డిస్కుల్లో చాలా భాగం ఆ దేశంలోనే తయారవుతుండేవి. ఫ్యాక్టరీల్లోకి నీళ్లొచ్చి ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. బావ ఆ రోజు నుంచీ వాతావరణ వార్తలు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. జహీరాబాద్‌లో వాన పడుతుందా లేదా అన్నది ఆయనకు పట్టదు, బ్యాంకాక్‌లో పడకుండా ఉంటే చాలు.

ఆ తర్వాత దేశంలో జరిగిన ప్రతి పెద్ద సంఘటనా బావ కొనుగోలుకు ముందు రోజే జరిగింది. 2016 నవంబరులో పాతిక వేలూ అయిదువందల, వెయ్యి నోట్లుగా బ్యాంకులోంచి తీసి బీరువాలో పెట్టాడు. పొద్దున్నే సీటీసీకి పోవాలి. 8వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి ఆ నోట్లు ఇక చెల్లవన్నారు. తీసిన డబ్బు మళ్లీ అదే బ్యాంకులో కట్టడానికి బావ లైన్లో నిలబడ్డాడు. సరే, జీఎస్టీ వచ్చాక ధరలు తగ్గుతాయని ఎవరో అంటే ఆగాడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, కంప్యూటర్ విడిభాగాలకు 18 శాతం అన్నారు. తర్వాత బిట్‌కాయిన్ పిచ్చి, కరోనా లాక్‌డౌన్, చిప్‌ల కరువు. గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశానికెక్కాయి. సినిమా చూడ్డానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్సే చాలు. ఆ సంగతి బావకూ తెలుసు. అయినా ఎవరింట్లోనో చావుకు సూతకం పట్టినట్టు ఆయన కొనుగోళ్లు ఆపేశాడు.

మధ్యలో మంచి ముహూర్తాలు రాకపోలేదు. 2018 ఫిబ్రవరిలో రైజెన్ 3 2200జీ వచ్చింది. ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే చిప్పులో, అమెరికాలో 99 డాలర్లు. ఇలాంటి పెట్టెల కోసమే పుట్టినట్టుండే చిప్పు అది. బావ ఎర్రగీత కూడా కొట్టాడు. అంతలో ‘వచ్చే ఏడు 3200జీ వస్తదట’ అని తెలిసింది. అది వచ్చింది. ‘దీని తర్వాతది ఇంకా బాగుంటదట.’ 2021లో 5600జీ వచ్చేసరికి ఆయనకు ఏవీ1 అనే మాట తెలిసింది. యూట్యూబ్ వాడే ఆ కొత్త రకం వీడియోను విప్పే ఏర్పాటు 5600జీ గ్రాఫిక్స్‌లో లేదు. “రేపు అన్నీ ఏవీ1ల వస్తే ఏం జేస్తం?” అని నన్ను నిలదీశాడు, ఆ చిప్పు నేనే తయారుచేసినట్టు. 2023 జనవరిలో ఇంటెల్ ఎన్100 ప్రకటించింది. నాలుగు కోర్లు, ఆరు వాట్లు, ఏవీ1 కూడా విప్పుతుంది. ఇంకేం కావాలి బావా అన్నాను. “ర్యామ్ ఒకటే ఛానెల్‌రా” అన్నాడు. పెళ్లికొడుక్కి ముక్కు కొంచెం వంకర అన్నంత గంభీరంగా.

ఇక్కడ ఆయన డైరీ గురించి చెప్పాలి. ఎరువుల దుకాణం వాళ్లు జనవరిలో ఊరికే ఇచ్చే డైరీ అది. ప్రతి పేజీ పైన యూరియా బస్తా బొమ్మ, కింద బావ గళ్లు. మొదటి గడిలో జహీరాబాద్ ధర, రెండో గడిలో బీదర్ ధర, మూడో గడిలో సీటీసీ ధర. జహీరాబాద్‌లో తెలుగులోనూ ఉర్దూలోనూ అడుగుతాడు, బీదర్‌లో కన్నడలో. ఎక్కడికి పోయినా షాపువాళ్లు ఆయన్ని గుర్తుపడతారు. ఒక భాయ్ అయితే బావ మెట్లెక్కగానే “ఆజ్ లేనా హై, యా సిర్ఫ్ పూఛ్నా హై?” అంటాడు, అని మళ్లీ తనే కుర్చీ జరిపి చాయ్ చెబుతాడు. మూడో గడిలో ర్యామ్ ధర మొదటి గడి కంటే మూడువందలు తక్కువ అని తెలుసుకోవడానికి సికింద్రాబాద్‌కు రానూపోనూ బస్సు ఛార్జీ, ఒక భోజనం, ఒక సెలవు రోజు ఖర్చయ్యాయి. వాటికి డైరీలో గడి లేదు.

చేతి పరీక్షలు కూడా ఉన్నాయి. ఎస్ఎంపీఎస్‌ను రెండు చేతులా ఎత్తి చూస్తాడు. తేలిగ్గా ఉంటే లోపల రాగి తక్కువ, హీట్ సింక్ సన్నం అని కింద పెట్టేస్తాడు. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. డబ్బు తక్కువున్నవాడు అన్నింటిలో పిసినారితనం చేసినా కరెంటు పంచే దాంట్లో చేయకూడదు. అది పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోతుంది. మన ఊళ్ల వోల్టేజీ సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆఫీసుల్లో వాడి అమ్మేసే పాత చిన్న కంప్యూటర్లు హైదరాబాద్‌లో దండిగా దొరుకుతాయి. తక్కువ డబ్బులో సినిమా పెట్టె కావాలనుకునేవాడికి అంతకు మించిన దారి లేదు. బావ అదీ వదల్లేదు. ఇంటెల్ ఆరో తరం పది బిట్ల హెచ్ఈవీసీ రకం వీడియోను సరిగా విప్పదు, వద్దు. ఏడో తరం విప్పుతుంది గానీ విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం ఉండాలి, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, కాబట్టి అదీ వద్దు. సినిమాలకు విండోస్ ఎందుకు, లిబ్రెఎలెక్ వేసుకుంటే నేరుగా సినిమాలాడించే కోడీ తెరుచుకుంటుంది కదా అన్నాను. “అండ్ల నెట్‌ఫ్లిక్స్ 4కె రాదు” అన్నాడు. నిజమే, రాదు. కానీ బావకు నెట్‌ఫ్లిక్స్ చందా లేదు.

అసలు 4కె మీద ఇంత పట్టు దేనికో ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. నిన్నమొన్నటిదాకా ఆ ఇంట్లో ఉన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కె సెకనుకు ముప్పై ఫ్రేములే వస్తాయి, 2.0 ఉండాల్సిందేనని బోర్డు తర్వాత బోర్డు తిరగ్గొట్టాడు. సినిమా నడిచేది సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములే. ఇక ఆయన ప్రాణంగా చూసుకునే ఫైలు మాయాబజార్. 1957 నాటి నలుపు తెలుపుదీ, 2010లో రంగులద్ది విడుదల చేసినదీ రెండూ ఉన్నాయి. ఆ ఫైళ్లను ఏ పాత ఆఫీసు కంప్యూటరైనా ఆవులించకుండా ఆడిస్తుంది. ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది, ఎవరికి ఏది ఇష్టమో అది చూపిస్తుంది. బావ మూత తెరిస్తే గళ్ల పేజీ కనిపించడం ఖాయం.

2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దసరాకు అక్క ఊళ్లోని షాపుకు పోయి, ఒక్క కొటేషన్ కూడా తీసుకోకుండా, 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఆటోలో వేసుకుని వచ్చింది. అత్తగారి సీరియళ్లు, బిడ్డ కార్టూన్లు, ఓటీటీలు అన్నీ అందులోనే వస్తున్నాయి. ఇంట్లో అందరికీ పండగ. బావ ఒక్కడే టీవీ వెనక్కి వంగి పోర్టుల మీద అక్షరాలు టార్చ్ వేసి చదువుకున్నాడు. ‘2.0’ అన్న అంకె కనబడగానే ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఇప్పుడు నిజంగానే 4కె పెట్టె కావాలి కదా! కొత్త పేజీ తిప్పాడు. అదే సమయానికి ర్యామ్ ధరలు పైకి లేచాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతున్నాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ మనలాంటివాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నట్టు ప్రకటించింది. “చూసినవా? నేను చెప్పలే?” అన్నాడు బావ. ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తులేదు గానీ, చాలా తృప్తిగా కనిపించాడు.

2011 నాటి ఆ నల్ల క్యాబినెట్ ఇప్పటికీ టీవీ కిందే ఉంది. అక్క దాని మూత తీసేసి కరెంటు బిల్లులు, జండూబామ్, ఎక్స్‌ట్రా తాళం చెవులు, బిడ్డ జామెట్రీ బాక్సు అందులో పెట్టింది. మదర్‌బోర్డు కూర్చోవాల్సిన చోట ఇప్పుడు పెళ్లి పత్రికలున్నాయి. ఇంట్లో ఏదైనా కనపడకపోతే “కంప్యూటర్ల చూడు” అంటారు.

ఇదంతా విని బావకు నిర్ణయం తీసుకోవడం చేతకాదనుకుంటే పొరపాటు. మా కాలనీ టీచరుగారికి, మీసేవా కుర్రాడికి, చెరకు తూకం దగ్గర గుమాస్తాకి కంప్యూటర్లు పెట్టించింది ఆయనే. ఒక్కొక్కరి పని ఒక్క పూటలో తేల్చేశాడు. ఏ బోర్డు, ఏ ఎస్ఎంపీఎస్, ఎక్కడ మిగుల్చుకోవాలి, ఎక్కడ మిగుల్చుకోకూడదు అన్నీ నోటి లెక్కే, డైరీ తెరవడు. టీచరుగారి పెట్టెకు మూడు వేసవులు గడిచాయి, ఫ్యాన్ చప్పుడు కూడా పెరగలేదు. అంత తెలివి ఉన్న మనిషికి తన పాతిక వేల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎందుకు ఆడదని ఒకసారి అడిగాను. “వాళ్లది తప్పైతే వాళ్లు నన్ను తిడుతరు. నాది తప్పైతే ఎవర్ని తిట్టాలె?” అన్నాడు.

కాబట్టి తక్కువ డబ్బులో ఇంటికో సినిమా పెట్టె కావాలనుకునేవాళ్లు నిరభ్యంతరంగా మా బావను కలవండి. మీ బడ్జెట్ చెప్పండి, ఉన్న టీవీ ఏదో చెప్పండి, డబ్బు వెంట తెచ్చుకోండి. సాయంత్రానికి పెట్టె బిగించి ఇస్తాడు, ఒక్క రూపాయి ఎక్కువ కానివ్వడు, చాయ్ కూడా ఆయనే తాగిస్తాడు. క్యాబినెట్ మాత్రం ముందుగా కొని తీసుకురావద్దు.