జీతం బస్సుది, పాట ఊరిది

మా రోజుల్లో పాట కట్టేవాణ్ని "ఏం పని చేస్తవు?" అని అడిగితే కొలువు పేరు చెప్పేవాడు. బడిపంతులు, బ్యాంకు గుమస్తా, బొగ్గుబావి కార్మికుడు, కండక్టరు. పాట సంగతి ఎవరూ అడగనక్కర్లేదు, డప్పు మీద మొదటి దెబ్బ పడగానే ఊరికి తెలిసిపోయేది. ఇప్పుడు పాతికేళ్ల పిల్లల్ని అదే మాట అడిగితే "ఫోక్ సింగర్‌ను తాతా, ఛానెల్ ఉంది" అంటున్నారు. సంతోషమే. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటున్నారు: "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. పాటకు టైమ్ దొరకట్లేదు." అక్కడ నాకు కడుపు మండుతుంది.

నేను పాలమూరులో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. టికెట్లు కొడుతూనే పాటలు కట్టాను. నా పాటలన్నీ ఆ బస్సులోనే దొరికాయి. రాత్రి ఆఖరి ట్రిప్పు ఏదో ఒక పల్లెలో ఆగేది. నైట్ హాల్టు అనేవాళ్లం. లెక్క చూసుకుని, క్యాష్ బ్యాగు తల కింద పెట్టుకుని పంచాయతీ ఆఫీసు అరుగు మీద డ్రైవరన్న, నేను పడుకునేవాళ్లం. పక్కవీధిలో చిరుతల రామాయణం సాగుతుండేది, లేకపోతే కోలాటం. బతుకమ్మ రోజుల్లో అయితే పొద్దుపోయేదాకా ఆడవాళ్ల పాటలే. నిద్ర ఎక్కడిది? ఒక అవ్వ ఎత్తుకున్న బాణీని ఇంకో ఊళ్లో ఇంకో అవ్వ ఎట్లా తిప్పిందో చెవులారా విన్నాను. ఆ చదువు ఏ బడిలో దొరుకుతుంది?

ఇక వలసలు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, చంకలో పిల్లల్ని, నెత్తిన సత్తుగిన్నెల మూటల్ని పెట్టుకుని ఊళ్లకు ఊళ్లు నా బస్సెక్కేవి. ముసలివాళ్లు మాత్రం స్టేజీ దగ్గర నిలబడిపోయేవారు. బస్సు కదిలాక ఎవరూ మాట్లాడేవారు కాదు. టికెట్ ఇస్తూ ఆ ముఖాలు చూసినవాడు పాట కట్టకుండా ఎట్లా ఉంటాడు? మాట కోసం వెతుక్కునే పనే లేదు. సీట్లో కూర్చున్న మనిషే మాట అందించేవాడు.

నేనొక్కణ్నే కాదు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. ఆయన పాటలో యంత్రం చప్పుడుంటే ఆ చప్పుడు ఆయన చెవుల్లో రోజూ మోగిందే. గూడ అంజయ్య ఫార్మసిస్టు. మందుల చీటీ పట్టుకుని వచ్చే పేదవాడి ముఖం ఆయనకు తెలుసు, "ఊరు మనదిరా" అనే ధైర్యం ఊరికే రాలేదు. గోరటి వెంకన్న సహకార శాఖలో కొలువు చేస్తూనే పల్లె దుఃఖాన్ని పాట చేశాడు. 2021కి "వల్లంకి తాళం"కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. సుద్దాల అశోక్‌తేజ సినిమాకు వెళ్లకముందు బడిపంతులు. వీళ్లెవరికీ ఉద్యోగం పాటకు అడ్డురాలేదు.

"గద్దరన్న మానేశాడు కదా తాతా" అని పిల్లలు నన్ను నిలదీస్తారు. నిజమే, కెనరా బ్యాంకు ఉద్యోగాన్ని 1984లో వదిలేశాడు. ఎందుకు వదిలాడో కూడా చూడండి. తన జీవితం మొత్తాన్ని ఉద్యమానికి రాసిచ్చి, ఆ దారిలో కొలువు వదిలాడు. వ్యూస్ కోసమో, పేరు కోసమో వదల్లేదు. అంత పెద్ద కారణం నీ దగ్గరుంటే నేను అడ్డుచెప్పను. లేకపోతే ఉద్యోగం వదలొద్దనే చెప్తాను.

ఎందుకంటే ఒకటో తారీకున జీతం పడే మనిషి పాటను ఎవడూ కొనలేడు. ఎన్నికలొస్తే మా దగ్గరికీ నాయకుల మనుషులు వచ్చేవారు, తమ అన్న పేరు పెట్టి పాట కట్టమని. "నాకు రేపు పొద్దున్నే డ్యూటీ ఉంది" అని పంపించేవాణ్ని. ఇంట్లో బియ్యం ఉన్నాయి కనుక ఆ మాట అనగలిగాను. ఈనాడు అద్దె కట్టాల్సిన కుర్రాడు ఆ మాట ఎట్లా అంటాడు? పొద్దున ఒక నాయకుడి పుట్టినరోజుకు, సాయంత్రం ఆయనను తిట్టేవాడి ర్యాలీకి ఒకే గొంతుతో పాడుతున్నాడు. బావామరదళ్ల సరసం ఉంటేనే పాట తీస్తానని ఛానెల్ నడిపేవాడు అంటే తలూపుతున్నాడు. ఆ పిల్లవాడి గొంతు బంగారం. ఆ గొంతు ఇంకొకరి చెప్పుచేతల్లోకి పోతోందనే నా బాధ.

క్యాసెట్ల కాలంలో పాట బయటికి రావడమంటే మాటలా? సొసైటీలో లోను పెట్టి, డ్యూటీలు మార్చుకుని, రాత్రి బస్సులో హైదరాబాదు పోయేవాళ్లం. స్టూడియోకి గంటల లెక్కన అద్దె. డోలకు, కంజీర, కోరస్, నేను అంతా ఒకే గదిలో కూర్చుని ఒకేసారి పాడాలి. ఆఖరి చరణంలో ఒకరు తప్పితే పల్లవి నుంచి మళ్లీ మొదలు. అందుకని ముందే ఊరిలో పదిమందికి పాడి వినిపించి, వాళ్లు ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడ చరణం దిద్దుకునేవాళ్లం. అరవై నిమిషాల క్యాసెట్టు, ఇటో అరగంట, అటో అరగంట. సభ అయ్యాక స్టేజీ పక్కన గొంగడి పరిచి అమ్ముకునేవాళ్లం.

ఇప్పుడు ఫోనులోనే స్టూడియో ఉంది. ఆ సౌకర్యాన్ని నేను తప్పుపట్టను. మా కాలంలో ఎంత మంచి గొంతున్నా ఆడపిల్లను స్టేజీ ఎక్కనిచ్చిన ఇళ్లు తక్కువ. ఈ రోజు మారుమూల తండా పిల్ల తన పాట తానే రాసి, పాడి, లోకానికి వినిపిస్తోంది. చూస్తే కడుపు నిండుతుంది. కానీ పాటల్ని ఏం చేస్తున్నారు? ఏ పాటకైనా అదే బీటు, అదే డీజే మోత. మొదటి కొన్ని సెకన్లలో పట్టుకోకపోతే జనం జారిపోతారని పల్లవినే నాలుగుసార్లు తిప్పి వదిలేస్తున్నారు. వలసపోయిన మనిషి కథ చెప్పాలంటే ఊరు వదలడం ఒక చరణం, పని ఒక చరణం, తిరిగి రావడం ఒక చరణం కావాలి. చరణాలు తీసేస్తే ఆ మనిషినే తీసేసినట్టు.

అన్నిటికంటే కోపం తెప్పించేది పేరు ఎగరగొట్టడం. ఇది పాత జబ్బే. "బండెనక బండి కట్టి" రాసింది బండి యాదగిరి. "మా భూమి" సినిమాలో గద్దర్ గొంతులో విని, అది గద్దర్ పాటే అనుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. మా రోజుల్లో పేరు పోయినా పాటతో ఎవడూ సొమ్ము చేసుకోలేదు కనుక ఊరుకున్నాం. ఇప్పుడు మనిషి బతికుండగానే అతని పాటను ఎత్తుకుని, కింద "జానపదం" అని రాసి, డబ్బులు తీసుకుంటున్నారు. నా పాటకూ ఆ గతి పట్టింది. జానపద బాణీలో కట్టినంత మాత్రాన పాట దిక్కులేనిది అవుతుందా? చట్టం ప్రకారం రాసినవాడి హక్కు అతను బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ ఉంటుంది. రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది. ఈ సంగతి పాట రాసే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తెలియాలి.

అందుకే గట్టిగా చెప్తున్నాను. కొలువును తిట్టుకోకండి, అక్కడి మనుషుల మాట వినండి. పాట కట్టిన రోజే తారీకు వేసి, మీ పేరు రాసి దాచుకోండి. ఇంకొకరి పాట పాడితే వాళ్ల పేరు ముందు చెప్పండి. బాణీ ఏ ఊరి అవ్వ దగ్గర నేర్చుకున్నారో ఆ ఊరి పేరు కూడా చెప్పండి. చరణాలు కోయమన్నవాడికి "కోయను" అని చెప్పే దమ్ము మీ జీతమే ఇస్తుంది. మా తరం వాళ్లం కొందరం ఇంకా ఉన్నాం. మాకు తెలిసిన బాణీలు, మరుగునపడ్డ చరణాలు, అవి కట్టినవాళ్ల పేర్లు అడగండి. సెలవు రోజు చూసుకుని రండి, కూర్చోబెట్టి అన్నీ నేర్పుతాం.