కోపానికి వన్స్ మోర్

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంతవరకు ఏ నాయకుడూ టీవీ ఇంటర్వ్యూలో ఓడిపోలేదు. ఎన్నికల్లో ఓడతారు, టికెట్టు పోగొట్టుకుంటారు, ఒక్కోసారి డిపాజిట్టు కూడా పోతుంది. ఇంటర్వ్యూలో మాత్రం ఓటమి ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ఓ నాయకుడు స్టూడియోలో బల్ల చరిచి, యాంకర్ మీదికి వేలెత్తి, చొక్కాకు పెట్టిన మైకు పీకి పడేశాడనుకోండి. తెల్లారేసరికి తెనాలి బోసు రోడ్డులో ఇడ్లీ తినేవాళ్లలో సగంమంది “మావోడు ఇచ్చి పడేశాడు” అంటారు. తక్కిన సగంమంది “మీవోణ్ణి ఉతికి ఆరేశారు గదయ్యా” అంటారు. ఒకే గంట, ఒకే గొడవ, రెండు పక్షాలకూ ఘనవిజయం. ఇద్దరూ గెలిస్తే మరి ఓడిందెవరన్న లెక్క ఎవరూ తీయరు. అంతదాకా ఆలోచిస్తే ఇడ్లీ చల్లారిపోతుంది.

ఈ ఆచారాన్ని తప్పుపట్టే మేధావులంటే నాకు గిట్టదు. నాయకుడన్నాక అడిగినదానికి జవాబు చెప్పాలట! ఎప్పటి మాట ఇది? జవాబులో అంకెలుంటాయి, తేదీలుంటాయి, “ఇది చేయలేకపోయాం” అనే నామోషీ ఉంటుంది. కోపంలో అవేవీ ఉండవు. పైగా జవాబు రేపు అబద్ధమని తేలవచ్చు, కోపం ఏనాటికీ అబద్ధం కాదు. చూసేవాడికీ అదే సుఖం. అంకెలైతే గుర్తుపెట్టుకోవాలి. కోపాన్ని ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది.

జవాబు ఎగ్గొట్టే ఈ విద్య ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం ఒక ఉదాహరణ. బాపట్ల మెడికల్ కాలేజీ ఎప్పటికి పూర్తవుతుంది అని యాంకర్ అడిగాడనుకుందాం. చేతకాని నాయకుడైతే ఇంత ఖర్చయింది, ఇంత మిగిలింది, ఫలానా ఏడాదికి తరగతులు మొదలవుతాయి అని చెప్పి నవ్వులపాలవుతాడు. చెయ్యి తిరిగినవాడు ముందు “మీ ఛానల్ ఎవరిదో నాకు తెలీదా” అంటాడు. అక్కడితో మెడికల్ కాలేజీ పునాదుల్లోకి వెళ్లిపోతుంది. తర్వాత “ఆ ప్రభుత్వంలో ఈ ప్రశ్న ఎందుకు అడగలేదు” అంటాడు. ఆ ప్రభుత్వంలోనూ అడిగే ఉంటారు, అప్పుడాయన స్థానంలో కూర్చున్న ఇంకో ఆయన “అంతకుముందు ప్రభుత్వంలో ఎందుకు అడగలేదు” అనే ఉంటాడు. అయినా యాంకర్ వదలకపోతే “ప్రమాణానికి సిద్ధమా, కాణిపాకం రా” అంటాడు. వరసిద్ధి వినాయకుడు ఇలాంటి సవాళ్లు ఎన్ని విన్నాడో! మైకు పీకడం ఆఖరి అస్త్రం. అది ప్రయోగించాక ప్రశ్న ఏమిటో అడిగినవాడికే గుర్తుండదు.

ఛానల్‌వాళ్లు దీనికి బాధపడతారనుకుంటే పొరపాటు. వేలెత్తిన ఆ రెండు సెకన్లూ ప్రోమోలోకి వెళ్తాయి. ప్రోమో మూడు రోజులు తిరుగుతుంది. ఇంటర్వ్యూ అయ్యాక గంట సేపటి మాటల్ని డజను ముక్కలు కోసి యూట్యూబ్‌లో పెడతారు. “యాంకర్‌కు చుక్కలు చూపించిన నేత” అని ఒక ముక్క, “నేతకు చెమటలు పట్టించిన యాంకర్” అని ఇంకో ముక్క. రెండూ ఒకే ఛానల్‌వి. ఎవరి అభిమానులకు కావలసిన ముక్క వాళ్లకి దొరుకుతుంది. ఏ నలభయ్యో నిమిషంలోనో పొరపాటున నోరు జారి నిజంగా ఓ జవాబు చెప్పి ఉంటే, ఆ ముక్కను కొయ్యరు. చూసేవాళ్లుండరు.

నిజానికి ఇది ఈ గడ్డకు కొత్త కాదు. నాటకాల గడ్డ ఇది. ఆడవేషానికి పెట్టింది పేరైన స్థానం నరసింహారావు పుట్టింది బాపట్లలో, వెలిగింది తెనాలి శ్రీరామ విలాస సభలో. ఆయన సత్యభామకు 1956లో పద్మశ్రీ దాకా గౌరవం దక్కింది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడే రాత్రి రాయబారం సీనులో పద్యం పడితే చాలు, “వన్స్ మోర్” అని పందిరి లేచిపోయేది. కృష్ణుడు సంధి సంగతి ఆపి మళ్లీ అదే పద్యం అందుకునేవాడు. ఇప్పుడు స్టూడియోనే రంగస్థలం, సెల్‌ఫోనే పందిరి, క్లిప్పును వెనక్కి జరిపి మళ్లీ చూడడమే వన్స్ మోర్. తేడా ఒక్కటుంది. ఆ ప్రేక్షకుడికి పద్యం కంఠతా వచ్చు. శ్రుతి తప్పితే ఎంతటి నటుణ్ణయినా ఊరుకునేవాడు కాదు, తన ఊరివాడైనా సరే. ఇప్పటి ప్రేక్షకుడు పద్యం మధ్యలో ఆపేసి హార్మోనియం మీద కాలు పెట్టినవాడికి వన్స్ మోర్ కొడుతున్నాడు. ఇంకో ముచ్చట కూడా ఉంది. అప్పట్లో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు దిగేవారు, పడక సీనుకొకరు, రాయబారానికొకరు, యుద్ధానికొకరు. మన నాయకులు ఆ ఖర్చు తగ్గించారు. మూడు పార్టీల వేషాలూ ఒక్కరే వేస్తున్నారు, అదే కోపంతో.

కోపం తెలుగువాళ్ల సొత్తే అనుకుని మురిసిపోనక్కర్లేదు. 2004లో బీబీసీ కోసం కరణ్ థాపర్ అడిగిన ప్రశ్నలకు జయలలిత మండిపడ్డారు. ఆఖర్న మీతో మాట్లాడడం నాకేమీ సంతోషంగా లేదని మొహం మీదే చెప్పి నమస్తే పెట్టారు. 2007 అక్టోబరులో అదే కరణ్ థాపర్ ముందు అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కూర్చున్నారు. 2002 అల్లర్ల ప్రస్తావన రాగానే మంచినీళ్లడిగారు, మైకు తీసి పక్కన పెట్టారు, మన స్నేహం ఇలాగే ఉండనివ్వండి అంటూ ముగించారు. అంతా కలిపి మూడు నిమిషాలు. ఆ డిసెంబరులో గుజరాత్‌లో ఆయన పార్టీ 182 సీట్లలో 117 గెలిచింది.

ఆ మూడు నిమిషాల కథకు కొసరొకటుంది. కరణ్ థాపర్ 2018లో అచ్చువేసిన తన పుస్తకంలో, తాను విన్న సంగతిగా రాశారు. 2014 ఎన్నికలకు సిద్ధం చేస్తూ ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్ ఆ ఇంటర్వ్యూను మోదీకి ఇరవై ముప్ఫై సార్లు చూపించాడట, కష్టమైన ప్రశ్నలొస్తే ఎలా నిలబడాలో నేర్చుకోవడానికి. చూశారా నాయకుడి తెలివి? తను లేచిపోయిన క్లిప్పును తనే కూర్చుని పాఠంగా చూసుకున్నాడు. మనమూ అదే క్లిప్పును అంతకు పదింతలు చూసి ఉంటాం. ఒకరు భక్తితో, ఒకరు వెటకారంతో. నేర్చుకున్నది మాత్రం ఆయనొక్కడే.

మన దగ్గరికొద్దాం. 2021 ఫిబ్రవరి 23న ఏబీఎన్ చర్చలో అమరావతి ఉద్యమం తరఫున కూర్చున్న కొలికపూడి శ్రీనివాసరావు, బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్ రెడ్డి మీద చెప్పు తీసి దాడి చేశారు. ప్రత్యక్ష ప్రసారంలో. రాష్ట్రం రెండుగా చీలింది. సగానికి అది ఆత్మగౌరవం, సగానికి అది రౌడీయిజం. ఆ ఛానల్‌ను బహిష్కరిస్తున్నామని రాష్ట్ర బీజేపీ ప్రకటించింది. టీ బంకుల దగ్గర స్నేహాలు చెడ్డాయి, వాట్సాప్ గ్రూపుల నుంచి బావలు వెళ్లిపోయారు, బావమరుదులు మిగిలారు. మూడేళ్లు తిరిగేసరికి 2024లో కొలికపూడి తిరువూరులో తెలుగుదేశం అభ్యర్థిగా నిలబడి గెలిచారు. తెలుగుదేశం అప్పుడు బీజేపీతో పొత్తులో ఉంది. చెప్పు దెబ్బకు ఉడికిపోయిన పార్టీ, చెప్పు తీసిన చెయ్యి ఒకే కూటమి అయ్యాయి. గ్రూపు వదిలి వెళ్లిన బావలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

ఇన్ని ఇంటర్వ్యూల్లోనూ ప్రశ్నకు వెంటనే, సూటిగా జవాబు వచ్చింది ఒక్కచోటే. అది కూడా స్టూడియోలో కాదు, తెనాలిలో, ఐతానగర్ పోలింగ్ కేంద్రంలో. 2024 మే 13న క్యూ దాటి లోపలికి వెళ్తున్న అప్పటి ఎమ్మెల్యే అన్నాబత్తుని శివకుమార్‌ను ఓ ఓటరు నిలదీశాడు. ఎమ్మెల్యే చెంపదెబ్బ కొట్టారు. ఓటరు తిరిగి కొట్టాడు. దేశంలోని ఛానళ్లన్నీ ఆ రెండు దెబ్బల్నీ పొద్దుగూకేదాకా తిప్పితిప్పి చూపించాయి. ఓట్ల లెక్కింపులో ఎమ్మెల్యే ప్రత్యర్థి నాదెండ్ల మనోహర్ గెలిచారు. ఆంధ్రా పారిస్ తెనాలి పేరు ఢిల్లీ దాకా మోగిందని మనవాళ్లు కాలర్లెగరేశారు. ఆ వీడియోలో మూడో భాగం ఒకటుంది. అనుచరులు అందరూ కలిసి ఆ ఓటరు మీద పడి కొట్టారు. దానికి ఎవరూ వన్స్ మోర్ అడగలేదు. రెండు దెబ్బల దగ్గర ఆపితే సమానత్వం, మూడోది కూడా చూస్తే మామూలు రాజకీయం.

కోపం చాలనప్పుడు ఇంకో సదుపాయం ఉంది. టీవీనే మాయం చేయడం. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్ నుంచి పోయాయి. 2019లో ఆంధ్రలో ఏబీఎన్, టీవీ5 పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ వంతు వచ్చింది, సంగతి ఢిల్లీ హైకోర్టు దాకా నడిచింది. ప్రతిసారీ ముందుకొచ్చింది కేబుల్ ఆపరేటర్ల పేరే. వాళ్లకు సర్కారు మారినప్పుడల్లా ఉన్నట్టుండి అభిరుచి కూడా మారుతుంది కాబోలు. నా ఆశ్చర్యం వాళ్లమీద కాదు. 2019లో పత్రికా స్వేచ్ఛ చచ్చిపోయిందని బాపట్ల రథం బజారులో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు 2024లో “బాగా అయింది” అన్నారు. 2019లో “బాగా అయింది” అన్నవాళ్లు 2024లో ఆ కన్నీళ్లు అరువు తెచ్చుకున్నారు. పత్రికా స్వేచ్ఛ కూడా మన ఊళ్లో కౌలుకు నడుస్తోంది, ఐదేళ్లకోసారి కౌలుదారు మారతాడు.

ఈ సందడిలో అడగకుండా మిగిలిపోయినవి చిన్న చిన్న సంగతులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో నానింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే ఏదో ఒక వంక పెట్టే కొనుగోలు కేంద్రం, తుపానులో తడిసిన బస్తాను ఏ ధరకు కొన్నది? 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వచ్చాయి. అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగాయి. ఇంకోసారి అంత నీరొస్తే కరకట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, దానికి ఎంత మట్టి పడింది? ఇవి అడిగితే ఏ నాయకుడికీ కోపం రాదు, ఆవలింత వస్తుంది. ఆవలింతకు ప్రోమో కట్ చేయడం ఇంతవరకు ఏ ఎడిటరూ కనిపెట్టలేదు.

మన పెద్దలకు ఈ కళ బొత్తిగా తెలియదు పాపం. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది, బి.ఎన్. శర్మ అధ్యక్షతన. ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలా వద్దా అన్నది పెద్ద తగువు. అంతటి వేడి సమస్య చేతికి దొరికితే ఎంత మహత్తర అవకాశం! ఒక్కడైనా బల్ల చరిచి “నువ్వు ఎవడి మనిషివో నాకు తెలుసు” అని లేచిపోయి ఉంటే చరిత్రలో క్లిప్పుగా మిగిలేవాడు. వాళ్లేం చేశారు? వాదించుకున్నారు, ఏకాభిప్రాయం కుదరలేదని ఒప్పుకున్నారు, జిల్లాల్లో అభిప్రాయం కూడగట్టాలని వాయిదా వేశారు. మరుసటేడు బెజవాడలో, న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన, తీర్మానం నెగ్గించారు. ఎంత చప్పటి మనుషులు! 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి పునాదుల్లో ఒకటి ఆ చప్పదనమే. బాపట్ల గాలికే వేడి చర్చను వేడి తగ్గాక మళ్లీ ఎత్తుకునే ఓపిక ఒకప్పుడు ఉండేదని దీన్నిబట్టి అనుమానించవలసి వస్తోంది.

నాయకుడు కోప్పడటంలో తప్పులేదు. ఆయన పని ఆయన చేస్తున్నాడు. జవాబు చెప్పకుండా గంట గడిపి, బయటికొచ్చి చూస్తే జనం చప్పట్లు కొడుతున్నారు. రేపటి నుంచి జవాబు చెప్పడానికి ఆయనకేమన్నా పిచ్చా? చప్పట్లు దేనికి పడితే అది పెరుగుతుంది. ఆయన కోపానికి ధర కట్టినవాళ్లం మనమే, రోజురోజుకీ పెంచుతున్నదీ మనమే.

అందుకని ఒక చిన్న పరీక్ష. ఈసారి తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కండి. కిటికీ పక్క కూర్చున్నాయన ఫోను చూపించి “చూశావా, మావోడు ఎట్టా ఇచ్చి పడేశాడో” అంటాడు. మీరు వాదించకండి, ఏ పార్టీ అని అడగకండి. “అదంతా సరే బాబాయ్, ఇంతకీ వాడు అడిగిందేంటి, మీవోడు చెప్పిందేంటి?” అని మాత్రం అడగండి. ఆయనకు గుర్తుంటే సంతోషం. గుర్తులేక, మీవైపు వేలెత్తి “అసలు నువ్వే పార్టీవోడివి?” అని గుడ్లురిమితే ఏమీ అనుకోకండి. లేచి చోటిచ్చి గౌరవించండి. వచ్చే ఎన్నికల్లో టికెట్టుకు కావలసిన అర్హత ఆయనకు పూర్తిగా వచ్చేసింది.